రెండూ చీకటైతే

ఆ బల్ల ఉంటుందో పోతుందో శుక్రవారం తేలిపోతుంది. కాంతితో లెక్కలు చేసే క్వాంటమ్ కంప్యూటర్ అనగానే చూడనివాళ్ళు గది నిండా తళతళలాడే యంత్రాన్ని ఊహించుకుంటారు. ఆమె పనిచేసే ల్యాబులో ఉన్నది పెద్ద మంచమంత ఇనుపబల్ల, దాని మీద చిక్కుపడ్డ జడల్లా పాకిన గాజుతీగలు, మూలన రోజంతా రొప్పుతూ ఉండే చలిపెట్టె. ఆ తీగల్లో కాంతి ఒక్కో రేణువుగా వెళుతుంది. అవతల చలిపెట్టెలో కూర్చున్న డిటెక్టర్లు దాన్ని పట్టుకుంటాయి. అంటే, పట్టుకోగలిగితే.

దారిలో ఏ అతుకు దగ్గరో, ఏ వంపు దగ్గరో రేణువు జారిపోతుంది. చప్పుడుండదు, ఆనవాలుండదు. ఎన్ని అతుకులు విప్పి వేసినా యంత్రం చెప్పే జవాబుల్లో తప్పులు తగ్గడం లేదు. శుక్రవారం పైనుంచి కమిటీ మళ్ళీ వచ్చి చూస్తుంది. వాళ్ళకి గురి కుదరకపోతే బల్ల పక్క బృందానికి పోతుంది, ఆమె పరిశోధన మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. చదువు మళ్ళీ మొదటికి రావడమంటే ఏమిటో ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో కూడా ఆమెకు తెలియలేదు.

ప్రతి రేణువుకీ రెండు దారులున్నాయి. పై తీగలో వెళితే ఒకటి, కింది తీగలో వెళితే సున్నా. డిటెక్టర్లు దొరకడమే గగనం కాబట్టి ల్యాబు నడిపే పెద్దసార్ ఒక ఉపాయం పన్నారు. పై తీగకు మాత్రమే డిటెక్టర్ పెట్టారు. అది మోగితే ఒకటి, మోగకపోతే సున్నా. ఆ ఉపాయంతో యంత్రం రెండింతలైంది, ఆయన పేరు కూడా నలుగురి నోళ్ళలో పడింది.

ఆ ‘మోగకపోతే’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చిన్నప్పటి వీధి కళ్ళముందు కదిలేది.

ఇరుకు వీధి. ఇటు మూడో అంతస్తులో వాళ్ళు, సరిగ్గా ఎదురుగా అటు మూడో అంతస్తులో అత్త. నాన్నకి అక్క, తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. నాన్న దూరపు రూట్లలో బస్సు తోలేవాడు. తమ్ముడు ఇల్లు చేరాడని తెలిసేదాకా అత్తకు ముద్ద దిగేది కాదు. ఇంటింటికీ ఫోన్లు లేని రోజులు. అందుకని వాళ్ళ వంటింటి కిటికీలో బల్బు వెలిగితే వచ్చినట్టు, వెలగకపోతే రానట్టు అని ఏర్పాటు చేసుకున్నారు. స్విచ్ వేసే ఉద్యోగం ఆమెది. నాన్న బూట్లు విప్పకముందే, “ముందు నన్ను మీ అత్తకి అప్పజెప్పవే” అనేవాడు. ఆమె స్టూలెక్కి స్విచ్ వేసేది. అటు అత్త కుట్టుమిషన్ మీంచి తలెత్తి చూసి, కిటికీకి తెర లాగేసేది. తమ్ముడు ముట్టాడని గుర్తు.

ఒకనాటి సాయంత్రం ఆమె స్విచ్ వెయ్యగానే బల్బు మాడిపోయింది. నాన్న వచ్చి అప్పటికే గుర్రుపెడుతున్నాడు. అమ్మ కొత్త బల్బు కోసం వీధి చివరికి వెళ్ళింది. చీకటి కిటికీని చూసి చూసి, గుండె చేత్తో పట్టుకుని బస్సు డిపోకని బయల్దేరిన అత్త తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది.

మంచం మీద నుంచే అత్త కొత్త చట్టం చేసింది. వంటింట్లో వెలిగితే వచ్చినట్టు, పక్కనున్న పడగ్గదిలో వెలిగితే ఇంకా రానట్టు. వస్తే దీపం, రాకపోతే దీపం, ఇదేం వదినో అని అమ్మ సణుక్కుంది. అత్త కాళ్ళ దగ్గర కూర్చున్న ఆమెకు మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది.

“మరి రెండూ చీకటైతే అత్తా?”

“నాకేమీ తెలీదని తెలుస్తుంది. తెలీనప్పుడు రాలేదనుకుని ఏడుస్తూ కూర్చోను. ఎవర్నో ఒకర్ని పంపి కనుక్కుంటా.”

సోమవారం ఆమె ధైర్యం చేసి పెద్దసార్ గదిలోకి వెళ్ళింది. ఉన్న డిటెక్టర్లనే జతలుగా సర్ది, రేణువుకి రెండేసి పెడదామంది. దాంతో యంత్రం సగానికి సగం తగ్గిపోతుందని కూడా దాచకుండా చెప్పింది. ఆయన టీ కప్పు కింద పెట్టారు.

“చుట్టాలొచ్చే రోజు చూసి ఇల్లు సగం కూలగొడతానంటావేంటమ్మా?”

“ఇప్పుడు పోయినదాన్ని కూడా సున్నా అనే రాసుకుంటున్నాం సార్. రెండూ మోగకపోతే పోయిందని తెలుస్తుంది. ఏది పోయిందో తెలిస్తే మిగతావాటిని అడిగి పూడ్చుకోవచ్చు.”

ఆయనకు తెలియని సంగతి కాదు. ఒక్కో సమాచారాన్ని కొన్ని రేణువుల మధ్య ముడివేసి దాస్తారనీ, పోయినది ఫలానాదని తెలిస్తే మిగిలినవి దాని లోటు తీరుస్తాయనీ, దొంగ సున్నా వచ్చి కూర్చుంటే అన్నీ దాని మాట నమ్మి చెడతాయనీ ఆమెకు కాగితం మీద నేర్పింది ఆయనే. బల్ల దగ్గరికొచ్చేసరికి ఆయనకు సైజు ముద్దొచ్చింది, అంతే.

ఈ ఏర్పాటు వల్లే మా అత్త తుంటి విరిగింది సార్ అని ఆమె నోరు జారింది. ఆయన వింతగా చూశారు. ఇక తప్పక కిటికీల కథంతా చెప్పింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

“ఇప్పుడెలా ఉన్నారు ఆవిడ?”

“కర్ర పట్టుకుని నడుస్తుంది సార్.”

“సరే. విప్పు,” అన్నారు.

శుక్రవారం కమిటీ వచ్చింది. అందులో కళ్ళజోడు ముక్కు కొనకి జార్చుకున్న ఒక పెద్దావిడ తెరకేసి చూసి, ఒకట్లూ సున్నాల మధ్య ఈ ఖాళీలన్నీ ఏమిటంది. ఇంత యంత్రానికి ఇన్ని విషయాలు తెలీవా అని ఎత్తిపొడిచింది కూడా. పెద్దసార్ ఆమె వైపు చూశారు.

“తెలీదని దానికి తెలుసండీ,” అంది ఆమె.

చూస్తుండగానే ఖాళీలు ఒక్కొక్కటే పూడటం మొదలైంది. అన్నీ పూడలేదు. జవాబు చిన్నదే. కానీ పెద్దావిడ మళ్ళీ మళ్ళీ నడిపించి చూస్తే, దాదాపు ప్రతిసారీ అదే సరైన జవాబు వచ్చింది. పోయినసారి చూసినప్పుడు పెద్దగా ఉండి అబద్ధాలాడింది, ఈసారి చిన్నదై నమ్మించింది అని నవ్వి, బల్ల ఇక్కడే ఉండనివ్వమని చెప్పి వెళ్ళిపోయింది.

సంజెవేళకు ఆమె పాత వీధిలో ఉంది. నాన్న పోయాక వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేశారు. అత్త మాత్రం అదే గదిలో, అదే కిటికీ దగ్గర, అదే మిషన్ ముందు ఉంది. బల్ల నిలిచిందన్న కబురంతా ఓపిగ్గా విని, తన కిటికీల చట్టం అంత పెద్ద చదువులో ఉందంటే నమ్మక, ఎగతాళి చెయ్యకే పిల్లా అంది. తర్వాత ఎదుటింటి వైపు గడ్డం చూపించింది. అక్కడ రెండు కిటికీల్లోనూ దీపాలు వెలుగుతున్నాయి.

“కొత్తగా దిగినవాళ్ళు. ఎప్పుడు చూడు, రెండూ వేస్తారు మాలోకాలు. వచ్చాడో రాలేదో తెలిసి చావదు.”

“రెండూ మోగితే మేమూ నమ్మం అత్తా. పక్కన పారేస్తాం.”

అత్త నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుండగానే అటు ఎవరో పడగ్గదిలో దీపం ఆర్పారు. వంటింటి కిటికీ ఒక్కటే మిగిలింది, పసుపుపచ్చగా, అప్పట్లాగే.

అత్త కర్ర ఊతం చేసుకుని మెల్లగా లేచి, కిటికీకి తెర లాగింది.