నొక్కింది అందిందా?

బాబాయ్ మళ్ళీ కుర్చీ వద్దనేశాడని డయాలసిస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చేసరికి చిట్టికి ఒళ్ళు మండిపోయింది. కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు ఆ మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని రక్తం శుభ్రం చేయించుకుంటే తప్ప నిలవని ప్రాణం! ఆ కుర్చీనే వద్దంటాడా? మాటిమాటికీ రద్దు చేసుకుంటే ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సి వస్తుందని, బయట బోలెడుమంది కాచుకుని ఉన్నారని రిసెప్షన్‌లో ఆవిడ మర్యాదగానే చెప్పింది. మర్యాదగా చెప్పినంత మాత్రాన గుండె జారకుండా ఉంటుందా?

తండ్రి పోయాక చిట్టిని పెంచింది బాబాయే. సిటీ బస్సు తోలి, డ్యూటీ దిగి, వంకర పాపిడి తీసి జడలు వేసి బడికి పంపిన మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని ఆ పూట నానా మాటలూ అంది. బతకాలని లేదా, నా మీద అలకా, లేక మతి పోతోందా అని నిలదీసింది. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఫోన్‌లో 'కావాలి' అనే నొక్కానమ్మా. గట్టిగానే నొక్కాను," అన్నాడు.

గట్టిగా నొక్కడమేమిటని చిట్టికి అప్పుడు అనుమానం వచ్చింది. ఎందుకంటే సెంటర్‌వాళ్ళకి ఫోన్‌లో కుర్చీ బుక్ చేసుకునే పేజీ తయారుచేసి ఇచ్చింది ఆమె పనిచేసే కంపెనీయే. మరుసటిసారి ఆయన పక్కనే కూర్చుని, నోరు కట్టేసుకుని చూసింది. ఆయన ఫోన్‌లో 'కుర్చీ కావాలి' అన్న బటన్ నొక్కాడు. బటన్ ఉలకలేదు, పలకలేదు. రంగైనా మారలేదు. ఆయన ఇంకోసారి, ఈసారి వేలు వంగేంత గట్టిగా నొక్కి, పనైపోయిందని ఫోన్ జేబులో వేసుకోబోయాడు. చిట్టి లాక్కుని చూసింది. కాసేపటికి పేజీ నిమ్మకు నీరెత్తినట్టు 'రద్దయింది' అని చూపించింది.

రెండోసారి ఎందుకు నొక్కావని అడిగితే ఆయన వింతగా చూశాడు.

"హారన్ కొడితే మోగాలి కదమ్మా. మోగకపోతే మళ్ళీ కొడతాం. ఇది మోగలేదుగా."

చిట్టి తల పట్టుకుంది. కావాలన్నా వద్దన్నా ఒకటే బటన్. మొదటి నొక్కు 'కావాలి', రెండో నొక్కు 'వద్దు'. తెరమీద చోటు కలిసొచ్చిందని కంపెనీలో అందరూ భుజాలు తట్టుకున్న తెలివి అది! సర్వర్ తీరిగ్గా జవాబిచ్చే ఉదయాల్లో ఎంతమంది రెండోసారి నొక్కి తమ కుర్చీ తామే పోగొట్టుకున్నారో, ఎంతమంది ఇళ్ళలో చీవాట్లు తిన్నారో. ఆమె ముందు ఒక్కసారి నొక్కి ఆయన కుర్చీ ఖాయం చేసింది. తర్వాత ఆయన రెండు చేతులూ పట్టుకుని, తప్పయిందని చెప్పింది.

ఇకమీదట నేనే నొక్కి పెడతానంటే బాబాయ్ ససేమిరా అన్నాడు. తన ప్రాణానికి తన వేలు చాలన్నాడు. అదీ నిజమే. ఆ కుర్చీల్లో కూర్చునే అందరికీ కంపెనీలో పనిచేసే కూతుళ్ళు ఉండరు కదా.

ఆఫీసులో టీమ్ లీడ్‌కి 'తర్వాతగారు' అని పేరు. ఏది అడిగినా తర్వాత చూద్దామంటాడు మరి. బటన్ నొక్కగానే దానిమీద చిన్న చక్రం తిరగాలని, అది తిరుగుతున్నంతసేపూ రెండో నొక్కు పడకూడదని చిట్టి చెబితే నవ్వాడు. చక్రం తిప్పితే సర్వర్ వేగం పెరుగుతుందా అన్నాడు.

"పెరగదండీ. కానీ నొక్కింది అందిందని మనిషికి తెలుస్తుంది. తెలియకే మా బాబాయ్ చచ్చేవాడు," అంది చిట్టి.

ఆయన నవ్వు ఆగింది గానీ అలవాటు ఆగలేదు, సరే తర్వాత చూద్దామన్నాడు. చిట్టి పట్టు పడితే ఉడుంపట్టు. తన పని తాను చేసుకుంటూనే, మధ్యమధ్యలో ఒక్కో బటన్‌కీ చక్రం పెట్టుకుంటూ పోయింది. నర్సులు నొక్కేవి, మందులు అడిగేవి, పేరు మార్చేవి, ఏదీ వదల్లేదు. 'వద్దు' అనడానికి వేరే బటన్ పెట్టింది. పనంతా అయ్యాక తర్వాతగారి బల్లమీద పెట్టి, ఆయన ఊఁ అనేదాకా అక్కడే నిలబడింది. పైవాళ్ళు మెచ్చుకున్నప్పుడు ఆయన 'మా టీమ్ ఆలోచన' అని చెప్పుకున్నాడు, చెప్పుకోనీ.

బాబాయ్‌కి మాత్రం నెత్తీనోరూ బాదుకుని మరీ నేర్పింది. ఒక్కసారే నొక్కాలి, చక్రం తిరుగుతున్నంతసేపూ ముట్టుకోకూడదు. ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత ఒక్క కుర్చీ కూడా పోలేదు. చిట్టి గాల్లో తేలింది.

అలా తేలుతుండగానే సెంటర్ నుంచి మళ్ళీ ఫోన్. ఈసారి రద్దు కాదు, అసలు బుకింగే రాలేదట. బాబాయ్ ఫోన్ ఎత్తడం లేదు. చిట్టి పరుగున ఇంటికొచ్చి తలుపు తీసేసరికి ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పాదాలు ఉబ్బాయి, మొహం ఉబ్బింది, ఊపిరి ఎగశ్వాసగా ఉంది. అరచేతిలో ఫోన్. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

నీ ఫోనొచ్చినా ఎత్తలేదమ్మా, ఎత్తితే ఇది ఆగిపోతుందేమోనని, అన్నాడు ఆయాసపడుతూ. "నువ్వు చెప్పావుగా, తిరుగుతున్నంతసేపూ ముట్టుకోవద్దని."

చిట్టి ఫోన్ అందుకుని చూసింది. సిగ్నల్ మధ్యలో తెగింది. జవాబు వస్తే ఏం చేయాలో రాసింది గానీ, రాకపోతే ఏం చేయాలో ఆమె రాయనేలేదు. మూగ బటన్‌తో అయితే ఆయన మళ్ళీ నొక్కేవాడు. ఈ చక్రం ఆయన్ని నమ్మించి కూర్చోబెట్టింది.

టాక్సీలో ఆయన తల తన భుజంమీద ఆనించుకుని సెంటర్‌కి తీసుకెళ్ళింది. అక్కడి నర్సే ఎవరినో బతిమాలి కుర్చీ ఇప్పించింది. మిషన్ కదిలి, బాబాయ్ ఊపిరి నెమ్మదించాక చిట్టి వరండాలోకొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని అట్నుంచటే ఆఫీసుకి పోయింది.

జరిగిందంతా, తప్పు తనదేనని సహా, తర్వాతగారికి చెప్పింది. ఆయన 'త' అని మొదలుపెట్టి, ఆమె కళ్ళు చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ప్రతి చక్రానికీ గడువు పెట్టారు. గడువులోగా జవాబు రాకపోతే చక్రం ఆగి, ఆ సంగతి మాటల్లో చెప్పాలి, బటన్ మళ్ళీ నొక్కనివ్వాలి. మొదటి నొక్కు నిజానికి అందే ఉంటే రెండోది దాన్ని చెడగొట్టకూడదు. చిట్టి ఒక్కో బటన్ నొక్కుతుంటే తర్వాతగారే నెట్ కేబుల్ పీకుతూ, పెడుతూ కూర్చున్నాడు.

బుకింగ్ రోజు పొద్దున చిట్టి ఆఫీసుకి కదల్లేదు. సిగ్నల్ సరిగ్గా అందని ఆ మంచం మీదే కూర్చుని బాబాయ్ నొక్కాడు. చక్రం తిరిగింది, ఆగింది. 'మీ మాట మాకు అందలేదు. మళ్ళీ నొక్కండి' అని వచ్చింది. ఆయన తలెత్తి ఆమెవైపు చూశాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని చిట్టి పళ్ళ బిగువున ఆపుకుంది. మిగతావాళ్ళ పక్కన ఎవరుంటారు చెప్పడానికి?

బాబాయ్ ఇంకోసారి చదువుకున్నాడు. లేచి, గోడ పట్టుకుని నడిచి, కిటికీ దగ్గర నిలబడి నొక్కాడు. చక్రం తిరిగింది. 'మీ కుర్చీ ఖాయమైంది' అని వచ్చింది.

"నువ్వెళ్ళమ్మా, ఆఫీసుకి ఆలస్యమవుతుంది," అన్నాడు ఆమెవైపు చూడకుండానే. "నాకిది చెబుతుందిలే."