పైపైన నిండిన స్ఫటికం

ల్యాబ్‌లో అందరూ ఆమెను తొందరమ్మ అనేవారు. అనడంలో తప్పేమీ లేదు. లిఫ్ట్ కోసం ఆగలేక ఐదంతస్తులూ మెట్లెక్కేది, టీ చల్లారేదాకా ఓపిక పట్టలేక రోజూ నాలుక కాల్చుకునేది. అలాంటి మనిషి నెత్తిన పడ్డది ప్రపంచంలోకెల్లా నిదానమైన పని.

ఎర్బియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడ్ స్ఫటికం అది. పప్పుబద్దంత, నల్లగా ఉంటుంది. దాన్ని పెంచడానికే రెండేళ్ళు పట్టింది. లోపల పరమాణువులు అంతస్తులుగా పేర్చి ఉంటాయి. వాటిలో ఒక అంతస్తులో రాగి బారులు తీరి ఉంటుంది. కొత్తగా పెరిగిన స్ఫటికంలో ఆ బారుల్లో ఆక్సిజన్ ఉండాల్సిన చోట్లు చాలావరకు ఖాళీ. అవి నిండితేనే, బాగా చల్లబరిచినప్పుడు, కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. నిండాలంటే కొలిమిలో, ఆక్సిజన్ పారే గొట్టంలో, ఇరవై రోజులు ముట్టుకోకుండా ఉంచాలి. ఆ ముట్టుకోకుండా ఉండడమే ఆమెకు చేతకాలేదు.

నాలుగోరోజున తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. తొమ్మిదోరోజున మళ్ళీ తీసింది. పదమూడోరోజున పైన సన్నటి చారలు కనబడితే ఎగిరి గంతేసింది, ఆక్సిజన్ ఎక్కుతోందనడానికి అవే గుర్తు. తీసిన ప్రతిసారీ మెల్లగా చల్లార్చాలి, మెల్లగా వేడెక్కించాలి. అలా ఆరు రోజులు గాలికి పోయాయి.

"మళ్ళీ మూత తీశావా తల్లీ? పొయ్యి మీద గిన్నెనైనా అన్నిసార్లు కెలకం," అని రాత్రి భోజనాల దగ్గర అత్తగారు అంటే భర్త పకపకా నవ్వాడు. ఆమె కంచం ముందు నుంచి విసురుగా లేచిపోయింది.

బరువైన లోహాల పక్కన ఆక్సిజన్ ఎక్స్‌రేలకు సరిగా ఆనదు. న్యూట్రాన్లకు ఆనుతుంది. న్యూట్రాన్లతో కొలిచే యంత్రం వేరే ఊళ్ళో ఉంది. ఏడాదిన్నర ఎదురుచూస్తే మూడు రోజులు దొరికాయి, వచ్చే సోమవారం నుంచి. ఆమె ఉద్యోగం ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. ఈ సోమవారం తప్పితే ఆ స్ఫటికాన్ని కొలిచేది ఇంకెవరో.

ఇరవయ్యోరోజున, శుక్రవారం పొద్దున, స్ఫటికాన్ని బయటికి తీసి, తీగలు అతికించి చల్లబరిచింది. కరెంటుకు నిరోధం సున్నాకు పడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు మాత్రం కాలు నిలవలేదు. కరెంటుకు ఒక్క దారి చాలు, పైపొర నిండినా సున్నా వచ్చేస్తుంది. అందుకని తీగలు ఊడదీసి స్ఫటికాన్ని తూకంలో పెట్టింది. ఆక్సిజన్ నిండితే ఒక మిల్లీగ్రాము పైగా పెరగాలి. అందులో సగం కూడా పెరగలేదు.

"సున్నా వచ్చిందిగా," అన్నారు ఆమెకు పని నేర్పిన మాస్టారు. "తీసుకెళ్ళమ్మా. తూకం ఎవరడుగుతారు?"

"న్యూట్రాన్లు పైపొరతో ఆగవు మాస్టారూ. లోపలిదీ పైదీ కలిపేసి, చోట్లు సగం సగం నిండినట్టు చూపిస్తాయి. అదే దీని నిర్మాణమని మనం అచ్చేస్తాం. చదివినవాళ్ళు నమ్ముతారు."

"నీకున్నది రెండు నెలలే."

"తెలుసు."

తప్పు కొలిమిది కాదు, ఆక్సిజన్‌ది కాదు, తనది. ఆ మూడుసార్లూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఈపాటికి నిండి ఉండేది. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

స్ఫటికాన్ని మళ్ళీ గొట్టంలోకి తోసి, కొలిమి వెలిగించి, గది తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టింది. "ఇరవై రోజులు నేనడిగినా ఇవ్వకండి," అంది. తర్వాత న్యూట్రాన్ కేంద్రానికి ఫోన్ చేసి తన మూడు రోజులూ వదులుకుంటున్నానని చెప్పింది.

"మళ్ళీ వరుసలో రాయమంటారా? ఏడాదిపైనే పడుతుంది," అన్నాడు అవతలి గుమాస్తా.

"రాయండి."

"ఎవరి పేరున?"

"అప్పటికి ఇక్కడ ఎవరుంటారో తెలీదండీ. పేరు వాళ్ళే చెప్తారు. స్ఫటికం మాత్రం సిద్ధంగా ఉంటుంది."