లెక్కల్లో ఏ గ్రేడు

జయంతి టీచరుకు బడిబాట అంటే ఒళ్ళు మంట. జూన్ ఎండలో ఇల్లిల్లూ తిరిగి, మీ పిల్లల్ని మా బడికి పంపండని బతిమాలడం ఆమె వల్ల కాదు. అయినా తప్పలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ వెనకున్న సర్కారు బడిలో ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు తరగతులకూ కలిపి పదిహేడు మందే మిగిలారు. ఇరవై మంది లేకపోతే ఆ తరగతుల్ని మాదాపూర్ బడిలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది.

"ముగ్గురు దొరికేదాకా నాకు కనిపించకండి," అని హెడ్మాస్టరు పార్థసారథి అందరి ముందూ కసిరారు.

ఆ చిరాకుతోనే జయంతి వెళ్ళి సీతాబాయి గది తలుపు కొట్టింది. సీతాబాయి అపార్టుమెంట్లలో పాచిపని చేస్తుంది. ఆమె కూతురు భానుశ్రీ ఏడో తరగతి అయ్యాక ప్రైవేటు బడికి మారిపోయింది.

"ఏంది టీచరమ్మా, గిప్పుడు యాదికొచ్చినమా?" సీతాబాయి గడపకు అడ్డంగా నిలబడింది.

"పాపను మాన్పించే ముందు ఒక్క మాట చెప్పాలి కదండీ."

సీతాబాయి విసురుగా లోపలికెళ్ళి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది. "గీ సంతకం ఎవలిది?"

"నాదే."

"లెక్కల్ల ఏ గ్రేడని రాసినవ్. ఆ బడోళ్ళు పరీక్ష పెడితే నా బిడ్డకు భాగారం లెక్కే రాలే. మల్ల ఆరుల కూసోబెట్టిన్రు. రాకుంటే రాదని రాయకపోయినవా?"

ఫలితాలు తగ్గితే మెమో ఇస్తారన్న భయంతో జయంతి పేపర్లు దిద్దకుండానే క్లాసంతటికీ అదే గ్రేడు వేసిన మాట నిజం. ఆ నిజం ఒప్పుకోలేక ఎదురు తిరిగింది.

"ఇంట్లో మీరు చదివించరు, తప్పు మాదంటారా?"

"నాకు సదువొస్తే నీ దగ్గరికెందుకు తోలుత? నీ కొడుకు ఏ బళ్ళె సదువుతుండో జర చెప్పు!"

ఆమె కొడుకు రోహిత్ ఏసీ బస్సులో కార్పొరేట్ స్కూలుకు వెళ్తాడు. "అది మీకనవసరం," అంది జయంతి.

గదిలోంచి భానుశ్రీ తలెత్తకుండానే అంది. "అమ్మా, పొమ్మను. నేను డౌటు అడిగితే ఫోన్ల హాజరు కొట్టుకుంట తర్వాత, తర్వాత అంటుండె."

చిన్నపిల్ల అన్న మాటకు జయంతికి తిక్క రేగింది. "అయితే ఆ ఆరులోనే ఏడువు! రెండు నెల్లకు మళ్ళీ మా గుమ్మమే ఎక్కుతారు."

తలుపు ఆమె ముఖం మీదే దడాలున పడింది. పక్కగదుల వాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆ వాడలో ఇంకెవరూ ఆమెకు తలుపు తీయలేదు.

బడికొచ్చి పార్థసారథితో ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను తప్పుడు గ్రేడు వేశానండి."

"ఎవరు వెయ్యలేదు? ఇంకెక్కడా అనకండి," అని ఆయన ఫైల్లోకి తల దించుకున్నారు.

జులైలో ఆర్డరు వచ్చింది. తరగతులు మాదాపూర్‌కు, జయంతి బాలానగర్‌కు. ఆఖరి రోజు తల్లులు గేటు దగ్గర గుమిగూడి, అంత ట్రాఫిక్ దాటి పిల్లలెట్ల పోతరని అరిచారు. జయంతి బ్యాగు పట్టుకుని బయటికొచ్చింది. ఒక్కరూ పక్కకు జరగలేదు. భుజాలు రాసుకుంటూ, తోసుకుంటూ రోడ్డు మీదికొచ్చింది.