రాజుగారి ఎదుట ముక్కాలిపీట

నేను ఒక ముక్కాలిపీటను. వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు, చేతులు పెట్టుకోవడానికీ ఏమీ లేదు. అయినా నా మీద కూర్చోవడం కోసం గొప్పింటి ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాటలు మానుకున్నారంటే నమ్మండి. మూడు వందల ఏళ్ళ కిందట, యూరప్‌లోని మోంతెరాక్ రాజ్యంలో ఒక వడ్రంగి నన్ను అక్రోటు చెక్కతో చేసి, పైన ఎర్ర మఖమల్ బిగించాడు.

అక్కడి రాజు థియోబాల్ద్. ఆయన నోట ఏది వస్తే అదే చట్టం. పన్ను వెయ్యాలన్నా, యుద్ధానికి వెళ్ళాలన్నా ఎవరినీ అడిగే పని లేదు. ఈ అధికారం దేవుడే ఇచ్చాడని చెప్పేవాడు. ఆ సంగతి దేవుణ్ణి ఎవరూ అడిగి చూడలేదు. ఆయన ఎదుట ఎవరూ కూర్చోకూడదు. ఆయన దయ పొందిన ఒకరిద్దరు మాత్రం నాలాంటి పీట మీద కూర్చోవచ్చు.

ముసలి జమీందారిణి కౌంటెస్ క్లొతిల్ద్ గారికి మోకాళ్ళ నొప్పులు. పీట ఇప్పించమని ఏళ్ళ తరబడి బతిమాలింది.

"చూద్దాం లెండి," అనేవాడు రాజు.

ఒక సాయంత్రం రాజు స్వయంగా వేణువు వాయించడం మొదలుపెట్టాడు. ఆపమనే అధికారం ఎవరికీ లేదు కదా! పాట మీద పాట సాగింది. కౌంటెస్ కాళ్ళు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి ఆవిడ "అమ్మయ్య!" అంటూ నా మీద కూలబడింది. వేణువు ఆగిపోయింది. సభంతా ఆవిడకు లోలోపల దణ్ణం పెట్టుకుంది.

రాజు మాత్రం మండిపడ్డాడు. "ఈవిడ దేశం విడిచి పోవాలి! ఆ పీటను కూడా పట్టుకుపొమ్మనండి!"

నేనేం తప్పు చేశానో నాకిప్పటికీ తెలియదు.

ఇద్దరం పక్కనున్న హెల్మార్ రాజ్యం చేరాం. అక్కడా ఒక రాజున్నాడు. కానీ శాసనసభ ఒప్పుకోనిదే పన్ను వెయ్యలేడు, సైన్యాన్ని కదపలేడు. కౌంటెస్ రోజూ నన్ను చంకన పెట్టుకుని సభకు వెళ్ళేది. ప్రేక్షకులు కూర్చునే చోట, అడ్డకమ్మీల పక్కన నన్ను వేసుకుని, మేజోళ్ళు అల్లుకుంటూ వాదనలు వినేది. అంత సుఖం నేనెవరికీ ఇవ్వలేదు.

కొన్నేళ్ళకు థియోబాల్ద్ మీద శత్రువులు విరుచుకుపడ్డారు. సైన్యం అడగడానికి ఆయన హెల్మార్‌కు వచ్చాడు.

"నాకు ఇష్టమే బావా, కానీ సభను అడగాలి," అన్నాడు అక్కడి రాజు.

అర్జీ పెట్టుకున్నవాడు నిలబడాలన్నది ఆ సభ నియమం. వాదన మొదలైంది. ఒక సభ్యుడు తన ఊరి వంతెన గురించి మాట్లాడాడు. ఇంకొకాయన గొర్రెల ఉన్ని దగ్గర మొదలుపెట్టి గొర్రెల జబ్బుల దాకా వెళ్ళాడు. థియోబాల్ద్ కాళ్ళు వణికాయి. అటూ ఇటూ చూసి, నన్ను గుర్తుపట్టాడు.

"కౌంటెస్ గారూ, కాసేపు కూర్చోనా?"

బహుశా ఆయన ఒకరిని అనుమతి అడగడం అదే మొదలు.

"చూద్దాం లెండి ప్రభూ," అంది కౌంటెస్. అల్లుతున్న వరస నింపాదిగా పూర్తిచేసింది. నాకు లోలోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత ఆవిడే సభాపతిని పిలిచింది. "అయ్యా, ఆయన మోకాళ్ళు కూడా మోకాళ్ళే. కూర్చోనివ్వండి."

దాని మీద మళ్ళీ వాదన! చేతులెత్తించారు. ఒక్క ఓటు తేడాతో అనుమతి దొరికింది. కౌంటెస్ లేచి, నన్ను ఆయన వైపు తోసి, తాను అడ్డకమ్మీలు పట్టుకుని నిలబడింది.

"అమ్మయ్య!" అన్నాడు థియోబాల్ద్.

సైన్యం మాత్రం ఇవ్వలేదు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. చుట్టూ తాడు, ముందు 'కూర్చోరాదు' అనే బోర్డు. యొహాన్నా అనే పెద్దావిడ రోజంతా నా పక్కన నిలబడి కాపలా కాస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఆవిడ కాళ్ళు వణుకుతాయి. మొన్న కుర్చీ ఒకటి వేయించమని పై అధికారిని అడిగింది.

"చూద్దాం లెండి," అన్నాడాయన.