నీళ్లు నిలిచే పది నిమిషాలు

చేపల ట్యాంకు పంపు స్విచ్చి ఆపేసి ఆమె మోకాళ్లమీద కూర్చుంది. నీళ్లు కుదుటపడడానికి రెండు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా ప్రవాహానికి అటూ ఇటూ ఊగుతున్న పగడాల చేతివేళ్లు ఒక్కొక్కటిగా నెమ్మదించాయి. నీళ్లలో తేలుతున్న నలుసులు ఇసుకమీదికి దిగాయి. పది నిమిషాలకు మించి పంపు ఆపడం ఆమెకు ఇష్టం లేదు. లోపలున్నవాటికి ఎలా ఉంటుందో ఏమో, ఆమెకు మాత్రం తన ఊపిరే బిగబట్టినట్టుంటుంది.

పళ్ల ఆసుపత్రి తలుపులు తెరవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. పేషెంట్లు కూర్చునే హాల్లో లైట్లన్నీ ఆపేసి, కిటికీ తెరలు దింపేసింది. వెలుగుతున్నది ట్యాంకుమీది నీలి దీపం ఒక్కటే. అద్దాన్ని లోపల అయస్కాంతం బ్రష్షుతో, బయట పాత బనియను గుడ్డతో తుడిచింది. చిరిగిన గొడుగునుంచి విప్పదీసిన నల్లగుడ్డను తలమీదినుంచి కప్పుకుంది. అది లేకపోతే ఫోటోలో పగడం కంటే ముందు ఆమె ముఖమే పడుతుంది, అద్దంలో తేలుతూ, దయ్యంలాగ.

ఫోను పాతది, ఒక మూల పగిలింది. దాని కన్నుమీద ఒక కెమెరా లెన్సును తిరగేసి పెట్టి, మందుసీసా మూతను కోసి చేసిన వలయంతో, రెండు రబ్బరు బ్యాండ్లతో బిగించింది. లెన్సు ముందు నారింజరంగు పారదర్శక కాగితం ముక్క ఒకటి. అది లేకుండా తీస్తే సిరా ఒలికినట్టు అంతా నీలమే.

ఆ లెన్సు ఆమె భర్తది. పెళ్లి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో మూతపడ్డాక ఆయన పాడైన కెమెరాలన్నీ ఒక సంచిలో వేసి చెత్తబండిలో పడేయబోతే, గాజు కదా, బాగుందని ఆమె ఒకటి తీసి దాచుకుంది. ఒకరోజు తుడుస్తూ తిరగేసి చూస్తే తన వేలి గీతలు పొలంలో చాళ్లలా కనిపించాయి. ఆ మర్నాడే లెన్సు ఆమెతోపాటు ఆసుపత్రికి వచ్చింది.

స్టూలుమీద మోచెయ్యి ఆనించి, ఫోన్ని అద్దానికి తిన్నగా పట్టింది. వెంట్రుకవాసి వంగినా బొమ్మ అలుక్కుపోతుంది. ఫోకసు కోసం వేలితో తెరను సవరించదు. తనే మొత్తంగా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఇవాళ తీస్తున్నది పిల్ల పగడాన్ని. మూడేళ్ల కిందట పెద్ద పగడంనుంచి విరిగి ఇసుకలో పడ్డ గోరంత ముక్క. పోనీలెమ్మని వదిలేయబుద్ధి కాక, ఒక రాయికి జిగురుతో అంటించింది. ఏడాదిపాటు బతికిందో చచ్చిందో తెలియలేదు. ఇవాళ దానికి రెండు కొత్త నోళ్లు పుట్టాయి, ఆవగింజంత, చుట్టూ ఆకుపచ్చ అంచుతో.

నలభై ఫోటోలు తీసింది. అందులో ఒకటి కుదిరింది. లేస్తుంటే మోకాళ్లు రెండూ పటపటమన్నాయి.

ఆమె ఉద్యోగం ఆయాది. నేల తుడవడం, పరికరాలు వేడినీళ్లలో ఉడకబెట్టడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకోవడం. ట్యాంకు పెట్టించింది పెద్ద డాక్టరుగారు, పదకొండేళ్ల కిందట. "మన ఆసుపత్రిలో పంటినొప్పి లేనిది ఈ చేపలకే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి, చెప్పిన ప్రతిసారీ కొత్తగా నవ్వేవాడు. ఉప్పు కలపడం, నీళ్ల పరీక్ష, ఏ పగడానికి ఎంత వెలుగు అన్నీ ఆయనే నేర్పాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కూతురే డాక్టరు. మంచిదే, తొందరమనిషి.

ఫోటోల సంగతి ఇంట్లో భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో చూపిస్తే, "చెయ్యి వణికింది. ఫోన్‌తో తీసేవి ఫోటోలేమిటే," అన్నాడు. కానీ ప్రతి ఆదివారం, "ఫోను నిండిపోయుంటుంది, ఇటివ్వు," అని తీసుకుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఖాళీ చేసి ఇచ్చేవాడు. అడక్కుండానే చేస్తున్నాడని ఆమెకు లోలోపల మురిపెంగా ఉండేది. ఈ మధ్య ఆసక్తి కూడా పెరిగింది. నిన్న రాత్రి అన్నం దగ్గర, "నీ పిల్ల పగడం ఎలా ఉంది?" అని అడిగాడు. ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని చాలాసేపు చెప్పింది.

తొమ్మిదిన్నరకు ఇద్దరు మనుషులు గోనెగుడ్డలో చుట్టిన పెద్ద పెద్ద ఫ్రేములు మోసుకొచ్చారు. హాలుకు రంగులు వేయిస్తున్నారని ఆమెకు తెలుసు. గోడకు బొమ్మలేవో వస్తాయనుకుంది. డ్రిల్లు చప్పుడుకి చేపలు బెదిరి రాళ్లలో దూరాయి. ఆమె ట్యాంకు పక్కన నిలబడి, "మెల్లగా, బాబూ, మెల్లగా," అంటూనే ఉంది. మొదటి ఫ్రేముమీది గుడ్డ తొలగింది.

తను తీసిన ఫోటో.

తలుపంత పెద్దది. రాతి కన్నంలోంచి విసనకర్రలా విచ్చుకున్న ఈకల చక్రం, మధ్యలో ఎర్రటి చుక్క. ఎడమవైపు కింద మూలలో ఒక నీటిబుడగ. ఆ బుడగ ఉందనే దాన్ని అప్పట్లో వద్దనుకుని, మళ్లీ మనసొప్పక ఉంచుకుంది. రెండోది తనదే. మూడోదీ, నాలుగోదీ. ప్రతిదాని కింద చిన్న ఇత్తడి పలక. పలకమీద ఆమె భర్త పేరు, ఇంటిపేరుతో సహా చెక్కి ఉంది.

పొరపాటేమో అనుకుని పలకలన్నీ మళ్లీ చదివింది, కూడబలుక్కుంటూ, చదువు రానిదానిలాగ.

డాక్టరమ్మ గ్లవుజులు తీస్తూ లోపలినుంచి వచ్చింది. "ఎలా ఉన్నాయి? మీవారు ఇంత ఆర్టిస్టని ఒక్కరోజూ చెప్పలేదేం మీరు? నాన్నగారి రోజుల్లో ఆదివారాలు వచ్చి పెద్ద కెమెరాతో తీసుకునేవారట కదా!"

ఆమె నోరు తెరిచింది. ముప్పైరెండేళ్ల కాపురం అడ్డం పడింది. చివరికి వేలు చూపించి, "అది పువ్వు కాదమ్మా," అంది.

మొదటి ఫ్రేము పలకమీద పేరు పైన 'సముద్ర పుష్పం' అని ఉంది.

"పువ్వనే చెప్పారే ఆయన?"

"పురుగమ్మా. గొట్టంలో ఉంటుంది. నీడ పడితే లోపలికి లాక్కుంటుంది. మూడువారాలు కాచుకుంటే ఒక్కసారి అలా పూర్తిగా విచ్చుకుంది."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఏదో అడగబోయి, కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడని గుర్తొచ్చి వెనుదిరిగింది. తలుపు దగ్గర ఆగి, "అన్నట్టు, ట్యాంకు తీసుకెళ్లేవాళ్లు మధ్యాహ్నం వస్తారు. కాస్త దగ్గరుండి చూడండి," అంది.

"ఏ ట్యాంకు?"

"మీవారు చెప్పలేదా?" డాక్టరమ్మ గొంతు తగ్గింది. "గోడకి ఫోటోలు వస్తున్నాయి కదా, ఇంక ట్యాంకు నిర్వహణ ఎందుకని... నెలరోజుల కిందటే అనుకున్నాం. మీరు బాధపడతారని నేనే చెప్పబోతే, తనే మెల్లగా చెబుతానన్నారు."

నెలరోజులు. ఆమె బకెట్టు తీసుకుని వెనకగదిలోకి వెళ్లింది. ఉప్పునీళ్లు కలిపే డ్రమ్ము పక్కన బకెట్టు దించింది. నెలలో ఎన్ని ఉదయాలు! ప్రతి పొద్దుటా భర్త గుమ్మందాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్లిరా," అన్నాడు. పోయిన వారం కొత్త ఉప్పు సంచి తెప్పించమని డాక్టరమ్మను అడగాలని తను అంటే, "ఇప్పుడే ఎందుకులే, కొన్నాళ్లాగు," అన్నాడు. తను ఆగింది.

మధ్యాహ్నం చేపల కొట్టాయన వ్యానుతో వచ్చాడు. పదకొండేళ్లుగా పగడాలూ పంపులూ అమ్మింది ఆయనే. ఇప్పుడు విప్పదీయడానికి వచ్చిందీ ఆయనే. ముఖం చెల్లక తల వంచుకుని గొట్టాలు విప్పాడు. ట్యాంకులో నీటిమట్టం దిగుతూ వచ్చింది. అంచుమీద పేరుకున్న ఉప్పు తెల్లగా బయటపడింది. ఆమె మోచేతులదాకా చేతులు ముంచి ఒక్కొక్క రాయినీ ఎత్తి నీళ్ల తొట్లలోకి మార్చింది. పగడాలన్నీ భయపడి ముడుచుకుపోయాయి. పిల్ల పగడాన్ని అన్నిటికంటే చివర తీసి, చిన్న డబ్బాలో విడిగా పెట్టింది.

"ఎక్కడికి?" అంది.

"పక్క జిల్లాలో ఒక బడికి, అక్కయ్యా. సైన్సు మాస్టారు ఒకాయన పట్టుబట్టి కొనిపించాడు. ఆయనకి చేపలు తెలుసు, పగడాలు తెలీవు. చూసుకునే మనిషి ఎవరైనా ఉన్నారా అని నన్ను చంపుకు తింటున్నాడు. ఉండడానికి గది ఇస్తారట." తడిచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అడగడానికి నోరు రావట్లేదు గానీ, దారిలో నాలుగు గంటలు వీటిని కనిపెట్టి ఉండేది కూడా ఎవరున్నారు?"

ఆమె జవాబు చెప్పేలోగా డాక్టరమ్మ వచ్చింది. ఖాళీ ట్యాంకునీ, గోడమీది ఫ్రేముల్నీ మార్చి మార్చి చూసింది.

"నిజం చెప్పండి. ఆ ఫోటోలు ఎవరు తీశారు?"

"నేనేనమ్మా."

డాక్టరమ్మ కుర్చీ అంచుమీద కూర్చుండిపోయింది. "పలకలు మార్పిస్తాను. రేపే మార్పిస్తాను."

"ట్యాంకు ఉంచగలరా?"

"మాటిచ్చేశాను కదా... వాళ్లు కొనేశారు."

"అయితే పలకలు అలాగే ఉండనివ్వండమ్మా," అంది ఆమె. కోపంగా అనలేదు. తొట్టిమీద తడిగుడ్డ కప్పుతూ, కొట్టాయనవైపు తిరిగి, "మా వీధిమీదుగా పోనివ్వండి. బట్టలు తెచ్చుకుంటాను," అంది.

ఇంట్లో ఆయన కంప్యూటరు ముందున్నాడు. ఆమె వేళకాని వేళ రావడం చూసి లేచాడు. ఆమె ముఖం చూశాడు. వంటగదిలోకి వెళ్లాడు. గిన్నెల చప్పుడైంది. ఆమె బీరువాలోంచి నాలుగు జతల బట్టలు తీసి సంచిలో సర్దుతుంటే, టీ గ్లాసుతో వచ్చి బల్లమీద పెట్టాడు. ముప్పైరెండేళ్లలో ఆయన ఆమెకు టీ కలపడం అదే మొదలు.

"తాగు. వేడిగా ఉంది."

ఆమె సంచి జిప్పు లాగుతోంది.

"నన్ను ఫోటోగ్రాఫరుగారూ అని ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు?" అన్నాడు. "డాక్టరమ్మ గోడకి బొమ్మలు కావాలంది. నా దగ్గరున్నాయన్నాను. అంతే. నోరు జారింది. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. అయినా, మనలో మనకి నీదేమిటి, నాదేమిటి? లెన్సు నాదేగా?"

"లెన్సు మీదే," అంది ఆమె. "మోకాళ్లు నావి."

ఆయన తల దించుకున్నాడు.

"పేరు పెట్టుకుంటే పెట్టుకున్నారు. అడిగితే నేనే ఇచ్చేదాన్ని. తీసినవి మీవేనని ఊరంతా చెప్పేదాన్ని కూడా." ఆమె జిప్పు చివరిదాకా లాగింది. "ట్యాంకు పోతోందని నెలరోజులుగా తెలుసు మీకు. తెలిసీ నిన్న నన్ను అడిగారు, పిల్ల పగడం ఎలా ఉందని. నేను చెబుతుంటే విన్నారు. తలూపారు."

"ఎలా చెప్పాలో తెలియక..."

"అంతసేపు ఎలా విన్నారండీ?"

వీధిలో వ్యాను హారను మోగింది, ఒక్కసారే, మొహమాటంగా. ఆలస్యమైతే తొట్లలో నీళ్లు చల్లబడిపోతాయి. ఆమె సంచి భుజాన వేసుకుంది. గుమ్మందాకా ఆయన వెంట వచ్చాడు, రోజూ వచ్చినట్టే. ఇవాళ జాగ్రత్త అనలేదు.

"ఎప్పుడొస్తావు?"

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. నిజమేమిటో ఇంకా తనకే తెలియదు. మెట్లు దిగింది. వ్యాను వెనక తలుపు తెరిచి, తొట్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, చిన్న డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. తలుపు మూసుకుంది.

వ్యాను మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాత లోపలికి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఎండ కిటికీలోంచి బల్లమీదికి జరిగింది. ఆమె టీలో పంచదార మానేసి ఆరేళ్లు. ముట్టుకోని గ్లాసులో టీ చల్లారి పైన మీగడ కట్టింది. అడుగున, ఆయన వేసి, చెంచాతో తిప్పడం మరిచిపోయిన రెండు చెంచాల పంచదార ఇంకా పూర్తిగా కరగకుండా తెల్లగా ఉంది.