శుక్రవారానికల్లా వెళ్ళిపోయి ఉంటాం

పొద్దున ఆరింటికి కబ్బన్‌పేటలో మగ్గాలు మొదలవుతాయి. ఆరుంబావుకి కదిరమ్మ తిట్లు మొదలవుతాయి. ఆరున్నరకి ఫ్రెంచి. 1944లో ఆ ఇంట్లో ఈ వరస ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆదివారాలు మగ్గాలకి సెలవుండేది గానీ తిట్లకి ఉండేది కాదు.

తిట్టేది ఇంటి యజమానురాలు. ఫ్రెంచి చెప్పేది ముందుగదిలో అద్దెకున్న సావిత్రమ్మ. ఆవిడది యానాం. అక్కడ ఫ్రెంచివాళ్ళ కచేరీలో గుమాస్తాగా ఉన్న భర్త పోయాక, బెంగుళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, దొరల పిల్లలకి పాఠాలు చెప్పుకుందామని వచ్చింది. దొరలు యుద్ధానికి పోయారు, పిల్లలు కొండల మీది బళ్ళకి పోయారు, ఆవిడకి మిగిలిన శిష్యురాలు కదిరమ్మ చెల్లెలి కూతురు సుశీల ఒక్కతే. తల్లి లేని పిల్ల. పద్దెనిమిదేళ్ళు. పెద్దమ్మ దగ్గర పట్టు తీస్తూ చదువుకుంటోంది.

పట్టు తీసే పిల్లకి ఫ్రెంచి ఎందుకు అంటారా? తప్పు కదిరమ్మ బొటనవేలిది. దండులో ఆడపిల్లల బడిలో చేర్చినప్పుడు కాయితంలో కన్నడానికి ఒక గడి, దాని కింద ఫ్రెంచికి ఒక గడి ఉన్నాయి. కదిరమ్మ కన్నడం మీదే వేలిముద్ర వేసింది. కానీ ముప్పై ఏళ్ళుగా పట్టుదారం లాగిన వేలది, చిన్నసైజు వంకాయంత ఉంటుంది. ముద్ర కన్నడాన్ని కాస్త తాకి, ఫ్రెంచిని మొత్తం మింగేసింది. బడివాళ్ళు నల్లగా నిండిన గడినే చూసుకున్నారు.

సావిత్రమ్మ క్రియలన్నిటినీ ఎక్కాల్లా చెప్పించేది. నేను, నువ్వు, ఆమె, మేము, మీరు, వాళ్ళు. ఆరు వరసలు, ఒక్క ఊపిరిలో. మామూలు కాలాలతో పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా 'ఫలానా వేళకి చేసేసి ఉంటాను' అనే కాలంతోనే. ఆరు వరసలూ తప్పులేకుండా చెబితే, విన్నవాళ్ళందరికీ ఆ పని జరిగిపోయిన గుర్తులు ఆ సాయంత్రానికే వచ్చి కూచునేవి. పని మాత్రం ఆ మాటలో పేరు పెట్టిన రోజునే జరిగేది, ఎవరు వద్దన్నా జరిగేది. ఒక్క వరస తప్పితే ఏమీ లేదు.

ఒక సోమవారం సావిత్రమ్మే చెప్పి చూపించింది, శనివారానికల్లా ఉప్పిట్టు, అదే ఉప్మా, తినేసి ఉంటాము అని. "జోరే మాఁజే, త్యూ ఓరా మాఁజే..." సాయంత్రానికి నడవలో నాలుగు ఎంగిలాకులు పడి ఉన్నాయి, ఆవాలూ కరివేపాకూ అంటుకుని. వాకిలి ఊడ్చే సొన్నమ్మ ఆకుల్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"శనివారం కసువు సోమవారమే ఊడవల్లంటే నా చేత కాదప్పా. చెప్పేస్తా ఉండా," అంది.

నాలుగో ఆకు కదిరమ్మది. యానామమ్మ చేతి నీళ్ళు కూడా తాగనని ఒట్టేసుకున్న కదిరమ్మ, ఆ శనివారం సావిత్రమ్మ చేసిన ఉప్పిట్టు తిట్టుకుంటూ మొత్తం తినింది. అప్పట్నుంచి ఆరున్నర కాగానే రెండు చెవుల్లోనూ దూది కుక్కుకునేది.

ఇంత పగ ఎందుకంటే, ఆ ముందుగది. యుద్ధంలో గొడుగులేసుకుని దూకే సిపాయిలకి పట్టు కావలసొచ్చి, పేటలో పట్టునూలు దొరక్క మగ్గాలవాళ్ళు కొట్టుకుంటున్నారు. నూలు సొంతంగా తీసుకునే కదిరమ్మ, ముందుగది ఖాళీ అయితే ఇంకో రెండు మగ్గాలు వేసుకుంటుంది. అద్దెకున్నవాళ్ళని లేపకూడదని సర్కారు ఉత్తరువుందని సావిత్రమ్మ ఆ కాయితాన్ని తలుపుకి అంటించి కూచుంది.

"ఏమమ్మా యానామమ్మా, ముక్కుతో మాట్లాడే భాష ముక్కు ఉండే ఊర్లో చెప్పుకోరాదా?"

"మీ ఊళ్ళో ముక్కులు లేవనేగా వచ్చాను. చీదడం నేర్పిద్దామని."

ఇలా ఉండేది.

సుశీలకి ఇద్దరి మీదా కోపమే. పెద్దమ్మ పట్టు తియ్యమని, టీచరమ్మ క్రియలు తియ్యమని. సావిత్రమ్మ చేతిలో గుండ్రటి రూళ్ళకర్ర ఉండేది. "నత్త కూడా నీకంటే ముందు మూడో వరసకి చేరుతుందే," అనేది. ఏడాదంతా సుశీల ఆరు వరసలూ తప్పులేకుండా చెప్పింది ఒక్కసారీ లేదు.

మార్చిలో పరీక్ష. దాని దరఖాస్తు కాయితం వచ్చే శనివారం మధ్యాహ్నంలోగా బడిలో ఇవ్వాలి. దాని మీద పిల్ల ఉంటున్న ఇంటి పెద్ద సంతకమో, వేలిముద్రో ఉండాలి. లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే జన్మంతా పట్టుగూళ్ళు ఉడికే బాన ముందే. ఆ వాసన సుశీలకి జడలో నుంచి కూడా పోయేది కాదు.

మంగళవారం కాయితం పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పోయింది.

"వేస్తాలే వేలు," అంది కదిరమ్మ. "ఒక పని చేసిపెట్టు. ఆ ఆకుల మాదిరి, ఆయమ్మ ఎల్లిపోయేది కూడా చెప్పేకి అవుతుందా?"

"అవుతుంది. కానీ విన్నోళ్ళందరూ పోవల్ల పెద్దమ్మా. చెప్పినోళ్ళు కూడా."

"నేను దూది పెట్టుకుంటా. నువ్వు దినామూ బడికి పోనే పోతా ఉండావు కదా. అదీ పోయేదే."

సుశీలకి ఇది సబబుగానే తోచింది. శుక్రవారం ఎలాగూ బడికి పోతుంది, తన వంతు దాంతో చెల్లిపోతుంది. పరీక్షకి మూడు వారాలే. వచ్చిన ఫ్రెంచి చాలు, రూళ్ళకర్ర పీడ పోతే అదే పదివేలు.

బుధవారం పొద్దున ముందుగది గడప మీద నిలబడింది. కదిరమ్మ వెనక నడవలో, చెవుల్లో దూదితో, కళ్ళు మాత్రం ఇంతలేసి చేసుకుని. సొన్నమ్మ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

"శుక్రవారానికల్లా వెళ్ళిపోయి ఉంటాం," అని మొదలుపెట్టింది సుశీల. "జ సరే పార్తి. త్యూ సరా పార్తి. ఎల్ సరా పార్తి. నూ సరోఁ పార్తి. వూ సరే పార్తి. ఎల్ సరోఁ పార్తి."

ఒక్క ఊపిరి. ఒక్క తప్పు లేదు. సావిత్రమ్మ రూళ్ళకర్ర పైకి లేపింది. కొట్టడానికి కారణం దొరక్క, మెల్లిగా దించేసింది.

సాయంత్రానికి ముందుగది గుమ్మానికి అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూలకి సాలెగూడు. సావిత్రమ్మ ఎన్నిసార్లు చింపుకుని లోపలికి పోయినా మళ్ళీ అల్లుకునేది. వాకిట్లో సొన్నమ్మ చీపురు పట్టుకుంటే చేతిలోనే పుల్లలు పుల్లలుగా రాలింది, ఏడాదిగా ఎవరూ ముట్టనట్టు.

"నేనూ పోతా ఉండానా అయితే," అంది సొన్నమ్మ. "సరే. మారతహళ్ళిలో కొడుకు రెండేండ్లుగా బర్రెలు చూసుకోమంటా ఉండాడు." శుక్రవారం పొద్దుటి నుంచి ఆవిడ మళ్ళీ రానేలేదు.

గురువారం కదిరమ్మ సాలెగూడు చూసి పండగ చేసుకుంది. దూది తీసేసి, మగ్గాలు ఎక్కడ పెట్టాలో అడుగులు వేసి కొలుచుకుంది. "ఒసే సుశీలా, కాయితం తెచ్చుకో, వేలేస్తా," అని పిలిచింది.

"వస్తా ఉండా," అంది సుశీల తన మూల నుంచి.

ఆ మాట ఖాళీ ఇంట్లో అరిచినట్టు మోగింది. గోడకి తగిలి, తిరిగొచ్చి, మళ్ళీ తగిలింది. మూలలో పెట్టె ఉంది, చాప ఉంది, పుస్తకాలున్నాయి, పిల్ల కూడా ఉంది. కానీ మోత మాత్రం ఎవరూ లేని గదిది.

కదిరమ్మకి అర్థమయ్యింది. ఇది బడికి పోయే పోవడం కాదు.

"నువ్వూ పోతా ఉండావే."

"నేను అట్లా అనుకోలేదు పెద్దమ్మా."

"పోయేదానికి నేనెందుకు వేలెయ్యల్ల? నా ఇంట్లో ఉండేదానికయితే వేస్తును." కదిరమ్మ బొటనవేలిని పిడికిట్లో దాచేసుకుంది. "ఆయమ్మని పొమ్మంటే నా పిల్లని కూడా పెరుక్కుని పోతా ఉండాది."

"చెప్పమనింది నువ్వే కదా."

"నోరు ముయ్యి. మోత వస్తా ఉండాది."

ఆ రోజంతా కదిరమ్మ పట్టు తీసింది, దారం పదిసార్లు తెగింది. సుశీల కాయితం మీద ఖాళీగా ఉన్న చోటు చూస్తూ కూచుంది. టీచరమ్మ పోతుంది. ఇల్లూ పోతుంది. వేలు మాత్రం పడలేదు.

శుక్రవారం పదింటికి సావిత్రమ్మ పిలిపించిన జట్కా వచ్చింది. హలసూరులో మేడ మీద గది దొరికిందట. సుశీల పెట్టె చేత్తో పట్టుకుని గడప దాటింది. ఎవరూ తొయ్యలేదు. ఉప్పిట్టు రోజున వద్దువద్దంటూనే కదిరమ్మ చెయ్యి ఆకు మీదికి పోయినట్టే, ఈరోజు కాళ్ళు పోయాయి. ఎక్కడికో తెలీక జట్కా పక్కన నిలబడింది.

"ఎక్కు," అంది సావిత్రమ్మ.

"మీతో నేనెందుకు వస్తాను?"

"మరి ఎవరితో పోతావు? నన్ను వెళ్ళగొట్టడానికి తప్ప ఏడాదిలో ఒక్క క్రియా తిన్నగా చెప్పలేదు. ఇంత విషం పెట్టుకుని చెప్పినదాన్ని రోడ్డు మీద వదిలేస్తే, రేపు పరీక్షలో ఎవరి మీద కసితో రాస్తావు? ఎక్కు."

సుశీల ఎక్కింది. నడవలో కదిరమ్మ గోడవైపు తిరిగి కూచునుంది. చక్రాలు కదిలినప్పుడు కొంగులో నుంచి దూది తీసి రెండు చెవుల్లోనూ పెట్టుకుంది.

జట్కా అవెన్యూ రోడ్డు దాటాక సావిత్రమ్మ చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ కాయితం."

"దానితో పని లేదు. ఇంటి పెద్ద వేలు పడలేదు."

"ఏ ఇంటి పెద్ద? ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

సుశీల కాయితం ఇచ్చింది. సావిత్రమ్మ జట్కా ఆపించి, పెట్టె మీద కాయితం పరిచి, యానాం నుంచి తెచ్చుకున్న పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. పక్క గడి దగ్గర ఆగింది.

"పిల్లకి ఏమవుతారు అని కాయితంలో అడిగారు. ఏవని రాయను?"

"పడనోళ్ళు అని రాయండి."

"అంత చోటు లేదు." పెన్ను విదిలించింది. "అత్త అని రాస్తాను. ఎంత పోట్లాడుకున్నా ఎవరూ ఏమీ అనుకోని చుట్టరికం మన తెలుగువాళ్ళకి అదొక్కటే."

రాసేసింది. గుర్రం కదిలింది. సిరా ఆరేదాకా సుశీల కాయితాన్ని గాలికి పట్టుకుని కూచుంది. తర్వాత నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది.

"కొంచెం జరుగు అత్తా," అంది. "నా పెట్టె మీద కాలు పెట్టినావు."