లెన్స్ వంక చూడకూడదు

రాజకుమారికి ఫొటో కావలసి వచ్చింది. అదీ సాయంత్రం లోపల.

ఈ మాట బందరులో ఎవరి చెవిన పడినా పగలబడి నవ్వుతారు. ఆవిడ మొగుడు వెంకటాద్రి ఇంట్లో మూడు కెమెరాలున్నాయి మరి. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం పేరుకే. మనిషి ప్రాణమంతా ఫొటో పోటీల్లో ఉంటుంది. స్నానాల గది వెంటిలేటర్‌కి దుప్పటి కుక్కి, ఎర్ర బల్బు పెట్టుకుని ఫొటోలు కడగడానికి కూర్చున్నాడంటే, ఆ పూటకి ఇంట్లో వాళ్ల స్నానాలు పెరటి కుళాయి దగ్గరే. గోడ నిండా సర్టిఫికెట్లు. అన్నీ ప్రోత్సాహక బహుమతులే అనుకోండి, అయినా ఫ్రేములు మాత్రం మొదటి బహుమతికి తగ్గట్టుగానే కట్టించాడు.

సంగతేమిటంటే, తొంభై ఎనిమిదిలో ఉపాధ్యాయ దినోత్సవానికి జిల్లాలో ఎంపిక చేసిన ఉత్తమ ఉపాధ్యాయుల్లో రాజకుమారి పేరుంది. పెళ్లి కాకముందు నుంచీ ఒకటో తరగతి పిల్లల వేళ్లు పట్టుకుని అక్షరాలు దిద్దిస్తున్న మనిషి. ఆదివారం పొద్దున్నే తోటి టీచరు సూర్యకుమారి పరుగున వచ్చి ఆ కబురు చెప్పింది.

"రేపు పేపర్లో అందరి ఫొటోలూ వేస్తున్నారంట వదినా. సాయంత్రం అయిదింటికల్లా విలేకరికి అందాలంట. ఫొటో లేనివాళ్లకి ఉత్త పేరే వేస్తారంట. అయినా నీకేంలే, ఇంట్లోనే స్టూడియో!"

రాజకుమారి ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఈ ఒక్కటీ మాత్రం ఆమెకి కావాలనిపించింది. పామర్రులో అక్క ఆ పేపరే తెప్పించుకుంటుంది. తన దగ్గర చదువుకుని ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్లు పేజీ తిప్పుతూ "అరె, మన టీచరుగారు!" అంటే చాలు. ఉత్త పేరు చూసి ఎవరు గుర్తుపడతారు? జిల్లాలో రాజకుమారి పేరున్నవాళ్లు ఎంతమంది లేరు!

"మనింట్లో లేని ఫొటోనా!" అంటూ వెంకటాద్రి హుషారుగా అటకెక్కి డబ్బాలన్నీ దించాడు. ఇద్దరూ చాప మీద కూర్చుని ఒక్కొక్కటే తీయడం మొదలెట్టారు.

ఆ డబ్బాల్లో ఉన్నదంతా ఆమే. అందులో అబద్ధం లేదు. వెంకటాద్రికి పల్లె జనం కష్టం మీద మోజు. కానీ గిలకలదిండి రేవులో చేపలమ్మే ఆడవాళ్లు కెమెరా కనబడగానే తట్ట దించేసి, జుట్టు సవరించుకుని, నిటారుగా నిలబడి నవ్వుతారు. ఫొటో అంటే వాళ్లకి అదే మరి. పోటీకి అలాంటిది పంపిస్తే, కెమెరా వంక చూస్తున్నారని జడ్జీలు మొదటి వడపోతలోనే పక్కన పడేస్తారు. అందుకని అతను సులువైన దారి కనిపెట్టాడు. ఒక సంచీలో గళ్ల చీర, చిరుగుల జాకెట్టు, ఒక తట్ట. ఆదివారం వస్తే స్కూటరు వెనక ఆ సంచీ, సంచీ వెనక పెళ్లాం. రేవులో ఆమె బెస్త మనిషి, దివిసీమ చేలల్లో నాట్లేసే కూలి మనిషి, కృష్ణ ఒడ్డునున్న మన శ్రీకాకుళం ఊళ్లో నీళ్లు మోసే మనిషి.

"లెన్స్ వంక చూడకు రాజీ. చూశావంటే ఫొటో పోయినట్టే" అని మొదట్లో ప్రతిసారీ చెప్పేవాడు. తర్వాత చెప్పే పనే లేకపోయింది. కెమెరా పైకి లేస్తే చాలు, ఆమె మొహం దానంతటదే పక్కకి తిరిగిపోయేది. ఇంత మంచి మోడల్ ఆంధ్రదేశంలోనే లేదని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేవాడు. వేషం లేని రోజున ఆమెకి ఇంకో కొలువుండేది. అతను ముసలి తాతల్నో, వల బాగుచేసేవాళ్లనో తీస్తుంటే, వాళ్ల మొహాల మీదికి వెలుగు తిప్పడానికి తెల్లటి థర్మాకోల్ షీటు రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడం. "దించకు, దించకు, ఇంకొక్కటి" అనేవాడు. ఆ ఒక్కటి ఎప్పుడూ ఒక్కటితో అయ్యేది కాదు.

"ఇది చూడు, పులిగడ్డ రేవు" అన్నాడు వెంకటాద్రి, ఒక ప్రింటు పైకెత్తి. ఎదురెండలో నల్లటి ఆడమనిషి ఆకారం, తలమీద మోపు. "ఎఫ్ పదకొండు, రెండువందల యాభై. పసుపు ఫిల్టరు. మబ్బు ఎలా వచ్చిందో చూశావా?"

"ఆ రోజు నాకు జ్వరం" అంది రాజకుమారి.

"అవునా? చెప్పలేదే!"

"చెప్పానండీ. వెలుతురు పోతుందన్నారు."

అతను ఇంకో డబ్బా తెరిచాడు. వీపు. పాదాలు. వల పట్టిన చేతులు. పొగమంచులో గట్టు మీద చీర చెంగు. ఇంకో వీపు. గుడివాడ పోటీలో ప్రోత్సాహక బహుమతి తెచ్చిన 'శ్రమజీవి' వచ్చింది. ఆ ఎగ్జిబిషన్ ఆమెకి బాగా గుర్తు. ఆ బొమ్మ ముందు నిలబడి ఒక పెద్దమనిషి "ఈ మనిషెవరో గానీ ఎంత కష్టజీవో పాపం" అని కళ్లు తుడుచుకున్నాడు. పక్కనే రాజకుమారి క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి "కాస్త జరగండమ్మా, ఫొటో కనబడట్లేదు" అన్నాడు.

మధ్యాహ్నానికి డబ్బాలు అయిపోయాయి. మొహం ఒక్కదాన్లోనూ లేదు. పెళ్లి ఫొటోలో చూద్దామంటే బాసికం కింద తలొంచుకుని ఉంది. ఓటరు కార్డు మీదున్నది ఆమో, వాళ్ల మావగారో తేల్చి చెప్పడం కష్టం.

వెంకటాద్రి చాలాసేపు ఆ ప్రింట్లు అటూ ఇటూ సర్దాడు. "ఒక్క క్లోజప్ అన్నా తీశాననుకున్నానే" అని గొణిగాడు. తర్వాత లేచి "ఇప్పుడే తీస్తా పద" అన్నాడు. కెమెరాలో ఉన్నది సగం వాడిన బ్లాక్ అండ్ వైట్ రీలు. తీసి, కడిగి, ఆరబెట్టి, ప్రింటు వేసేసరికి విలేకరి ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటాడు.

"వద్దులెండి" అంది ఆమె. కోపంగా కాదు. కోప్పడటానికి ఓపిక ఉండాలి. "కోనేరు సెంటర్లో దానియేలుగారు పది నిమిషాల్లో పాస్‌పోర్టు ఫొటో ఇస్తారటగా. అక్కడికే పోదాం."

వెంకటాద్రి దృష్టిలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడు అసలు ఫొటోగ్రాఫరే కాదు. అయినా స్కూటరు తీశాడు.

దానియేలు స్టూడియో ఇరుకుగా ఉంది. నీలం తెర, స్టూలు, రెండు గొడుగు లైట్లు. ఒకేసారి నాలుగు ఫొటోలు పడే నాలుగు కళ్ల కెమెరా. అలవాటు చొప్పున వెంకటాద్రి లైట్ల వంక చూసి పెదవి విరిచాడు. "ఈ వైపు చీకటి పడుతోందండీ. తెల్ల షీటేమన్నా ఉందా?"

"ఉంది సార్, పట్టుకునేవాళ్లే లేరు" అన్నాడు దానియేలు.

రాజకుమారి స్టూలు మీద నుంచి లేచి, గోడకి ఆనించి ఉన్న థర్మాకోల్ షీటు తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, మళ్లీ వెళ్లి కూర్చుంది.

"ఇటు చూడండమ్మా... రెడీ." క్లిక్కుమంది. దానియేలు కాగితం లాగి, కాసేపాగి పొర ఒలిచాడు. నాలుగు గళ్లలోనూ నాలుగు చెవులు, నాలుగు జడలు. "కదిలారమ్మా" అన్నాడు మర్యాదగా.

రెండోది తీశాడు. ఈసారి రెప్పలు వాలిపోయి, గడ్డం భుజం వైపుకి తిరిగిపోయింది.

"అమ్మా, నా వంక చూడాలండీ."

"చూస్తూనే ఉన్నాననుకున్నానండీ" అంది రాజకుమారి. నిజంగానే ఆమెకి తెలియదు. చూడాలని కూర్చుంది, చూస్తున్నాననే అనుకుంది. క్లిక్కుమనే ముందు మెడ దానిపాటికది తిరిగిపోయింది. బిడియపడుతోందనుకున్నాడు దానియేలు. వెంకటాద్రికి మాత్రం అర్థమైంది.

"మీరు చెప్పండి" అంది ఆమె అతని వైపు తిరగకుండానే. "చూడొద్దని నేర్పింది మీరేగా. మీరు చెబితేగానీ ఈ మెడ తిరిగేట్టు లేదు."

అతను షీటు చాటు నుంచి తల బయటికి పెట్టాడు.

"చూడు రాజీ" అన్నాడు. "ఇటు చూడు. లెన్స్ వంకే చూడు."

ఆమె చూసింది. క్లిక్కుమంది.

దానియేలు పొర ఒలిచి ఆమె చేతికిచ్చాడు. నాలుగు మొహాలు, నాలుగూ ఒకటే. కళ్ల కింద నలుపు, పాపిట పక్కన నెరిసిన జుట్టు, నోటి చివర్లు రెండూ కిందికి జారిన ఎవరో ఆడమనిషి సూటిగా చూస్తోంది. రాజకుమారి చాలాసేపు ఆ మనిషి వంక చూసింది.

"ఇంకోటి తీద్దామా టీచరుగారూ, కాస్త నవ్వుతూ?"

"వద్దండీ, ఇదే ఇచ్చెయ్యండి. పిల్లలు గుర్తుపట్టాలిగా" అంది. మొగుడి వైపు తిరిగి, ఏమీ తెలియని పిల్ల అడిగినట్టు అడిగింది. "ఏవండీ, నేనెప్పుడు ఇంత అలిసిపోయానండీ?"

ఏ రేవులో ఏ మబ్బుకి ఏ ఫిల్టరు వాడాడో తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి. ఈ మాటకి మాత్రం చేతిలోని షీటు ఇంకాస్త పైకెత్తాడు.

దానియేలు లైట్లు ఆర్పేసి కత్తెర కోసం లోపలికెళ్లాడు. వెంకటాద్రి ఆ చీకట్లో థర్మాకోల్ షీటు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఇక దించండి. చేతులు లాగుతాయి" అంది రాజకుమారి. "నాకు తెలుసు."